పాడుబడిన అంబాసిడర్‌ను తిరిగి నిలబెట్టడం: తొలి నెలల్లో చేయవలసిన పని

పెరట్లో చింతచెట్టు కిందో, పాత ఇంటి రేకుల షెడ్డులోనో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న కారు చేతికి వచ్చినప్పుడు కొత్త బ్యాటరీ తగిలించి తాళం తిప్పి చూడాలనిపించడం సహజం. ఇంజన్‌కు కోలుకోలేని దెబ్బ తగిలేది చాలాసార్లు ఆ తొందరలోనే. ఇలాంటి కారు విషయంలో మొదటి కొన్ని వారాలను బాగుచేయడానికి వెచ్చించకుండా, దానికి ఏమైందో తెలుసుకోవడానికే కేటాయించాలన్నది నా అభిప్రాయం. ఏది ఎంత చెడిందో తేలకముందే రెంచీ పట్టినవారి కార్లే సగం విప్పిన స్థితిలో, భాగాలు తలో డబ్బాలో, చివరికి పాత ఇనుము కొట్టుకు చేరుతుంటాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇలా దొరికే పాత కారు ఎక్కువగా అంబాసిడరో, తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియటో అయి ఉంటుంది. ఇక్కడ అంబాసిడర్ మార్క్ 2ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారుచేసిన ఈ కారులో మార్క్ 2 రకం 1962 నుంచి 1975 వరకు వెలువడింది. ముందువైపు గళ్ల గ్రిల్, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, స్టీరింగ్ కింద గేరు కడ్డీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు దీని ఆనవాళ్లు. నిర్మాణం సరళం కాబట్టి కొత్తగా ఈ పనిలోకి దిగేవారికి ఇంతకంటే అనువైన బండి మన దగ్గర మరొకటి లేదు.

ముందుగా కాగితాలు

బండి ఎంత ముచ్చటగా ఉన్నా కాగితాల సంగతి తేలనిదే దాని మీద రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు. ఆర్‌సీ పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు పలక మీద రంగు పేరుకుపోయి ఉంటే గీకకుండా థిన్నర్ గుడ్డతో నెమ్మదిగా తుడిచి, కాగితం పరచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలి. గీకితే అంకె చెరిగి, ఆ తర్వాత తనిఖీ అధికారికి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. యజమాని జీవించి ఉంటే 29, 30 ఫారాలతోనూ, మరణించి ఉంటే వారసుల పేరిట 31వ ఫారంతోనూ బదిలీ జరుగుతుంది. ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు అప్పు ఆర్‌సీలో ఇంకా అలాగే నమోదై ఉండటం పాత బండ్లలో తరచుగా కనిపించే చిక్కు, దానికి బ్యాంకు నుంచి పత్రం సంపాదించడం ఒక్కోసారి ఇంజన్ విప్పడం కంటే ఎక్కువ ఓపిక కోరుతుంది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, వాణిజ్య అవసరాలకు వాడని, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు, ధ్రువపత్రం 10 ఏళ్లు చెల్లుతుంది. కొత్త నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి, ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్నవారు పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఇలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడటం కుదరదు. కనుక ఆదివారం కుటుంబంతో ఊరు తిరగడానికి కారు కావాలా, ప్రదర్శనకు నిలిపే కారు కావాలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఒకప్పుడు ఖర్చు కలిసి వస్తుందని చాలా అంబాసిడర్లలో పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ దించారు. అలాంటి బండి దొరికితే ఆర్‌సీలో ఆ మార్పు నమోదైందో లేదో చూడటంతోపాటు, అసలు రూపం అన్న షరతు దగ్గర అది నిలుస్తుందో లేదో రవాణా కార్యాలయంలో ముందే కనుక్కోవడం మంచిది.

బండి పడి ఉన్న చోట

కారును కదిలించే ముందు దాని చుట్టూ, లోపల, కింద, నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీయాలి. తలుపులు తెరిచేటప్పుడు పొడవాటి కర్రతో సీట్ల కిందా డిక్కీలోనూ తట్టి చూడాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఇలాంటి బండి పాములకూ తేళ్లకూ కందిరీగలకూ స్థిరనివాసం. ఎలుకలు సీట్లలోని కొబ్బరిపీచును గూడు కట్టుకుని ఉంటే, వైర్లనూ కొరికే ఉంటాయని లెక్క వేసుకోవచ్చు. తర్వాత ఆ ఇంటి అటక, కొట్టం, పాత ట్రంకు పెట్టెలు యజమాని అనుమతితో వెతకాలి. ఊడిపోయిన వీల్ కప్పు, తలుపు అద్దం తిప్పే పిడి, ఇంజన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్ రాడ్, బానెట్ మీది క్రోమ్ అక్షరాలు అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. ఆ ఇంటి గడప దాటాక వాటి కోసం ఊళ్లు తిరగాలి.

చక్రాలు తిరగకపోతే బ్రేకు షూలు తుప్పుతో డ్రమ్ములకు అంటుకుపోయి ఉంటాయి. తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగిస్తే కదలవచ్చు, కానీ ఇరుసుకో కమాన్ పట్టీలకో దెబ్బ తగులుతుంది, పైగా బ్రేకులు లేని బండిని తాడుతో లాగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. హ్యాండ్ బ్రేకు వదిలి, బ్రేకు బిగువును సరిచేసే అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో తట్టితే చాలావరకు విడుతుంది. టైర్లలో గాలి నిలిచినంతసేపే బండి కదిలించడానికి వాడుకుని, రికవరీ వ్యాన్ మీద ఎక్కించి తీసుకురావాలి. మార్క్ 2కు 5.90-15 కొలత టైర్లు సరిపోతాయి. వాటిని కొనడం పని చివర్లో చేయాలి, ముందే కొంటే బండి రోడ్డెక్కేలోపే అవి పాతబడతాయి.

తుప్పే తీర్పు చెబుతుంది

ఇంజన్ గురించి అందరూ అడుగుతారు, రేకు గురించి ఎవరూ అడగరు. అంబాసిడర్ ఇంజన్‌ను ఎంత పాడైనా తిరిగి కట్టవచ్చు, కుదరకపోతే మరొకటి తెచ్చుకోవచ్చు. బాడీ లోపలి రేకు తినేస్తే మాత్రం ఖర్చుకు అంతుండదు. దీనికి కారణం నిర్మాణంలోనే ఉంది. ఈ కారుకు లారీలా విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు. ఫ్లోరు, తలుపుల కింది సిల్ పెట్టెలు, అడ్డ దూలాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెగా బరువు మోస్తాయి. కాబట్టి తలుపు కింద కనిపించే చిల్లు అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు, అది కారు వెన్నెముకలోని చిల్లు.

చూడవలసిన తీరు ఇది. సీట్లు, చాపలు, తలుపుల లోపలి అట్టలు తీసేయాలి. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద అంగుళం అంగుళం జరుపుతూ పోవాలి. అది పట్టు వదిలేసిన చోట కింద రేకుకు బదులు పుట్టీ ఉందని అర్థం. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టాలి. మంచి రేకు ఖణేల్మంటుంది, పుట్టీ నిండినదీ పొరలు విడిచినదీ మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడటానికి మొహమాటపడకూడదు, ఎందుకంటే మొన దిగే రేకు ఎలాగూ కోసి తీసేయవలసినదే.

అన్నిటికంటే ముందు చూడవలసిన చోటు ముందు సీట్ల కింద, ఫ్లోరుకు అడుగున ఉంటుంది. ఈ కారు ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు లేవు. పొడుగ్గా వెనక్కి సాగే టార్షన్ కడ్డీలు మెలితిరిగి బరువు మోస్తాయి, వాటి వెనక కొసలు ఫ్లోరు కింది అడ్డ దూలానికి బిగించి ఉంటాయి. ఆ దూలం కుళ్లితే కారు ముందు భాగమంతా కుంగుతుంది. దీని తర్వాత వెనక కమాన్ పట్టీలు తగిలించే బ్రాకెట్ల చుట్టూ, సిల్ పెట్టెల అడుగున, జాకీ పెట్టే చోట్ల చూడాలి. మిగిలినవి నీరు చేరి నిలిచే చోట్లు. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎండి పగలగానే వాన నీరు డాష్‌బోర్డు వెనకగా జారి ముందు ఫ్లోరు మూలల్లో నిలుస్తుంది. డిక్కీ రబ్బరు పోతే స్టెప్నీ ఉండే పల్లంలో నిలుస్తుంది. తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలు మట్టితో మూసుకుపోతే తలుపు లోపలి నుంచే తినేస్తుంది. బ్యాటరీ తట్ట కింద ఆమ్లం చేసే పని వేరే చెప్పనక్కరలేదు.

కారు ఏ ఊళ్లో బతికిందన్నదీ లెక్కలోకి వస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్ల బండిలో ఉప్పుగాలి రేకు మడతల్లోకి చేరుతుంది, పైకి రంగు నిగనిగలాడుతున్నా నమ్మకూడదు. అనంతపురం వైపు పొడి నేలలో నిలిచిన బండి పైకి రంగు వెలిసి దయనీయంగా కనిపించినా లోపలి రేకు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ, కాకపోతే దానిలో రబ్బరన్నదల్లా ఎండకు పెళుసెక్కి ఉంటుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను కళ్లు మూసుకుని రెండోదాన్నే ఎంచుకుంటాను.

చూసినదాన్ని కారు నాలుగు వైపుల బొమ్మలు గీసిన కాగితం మీద గుర్తించాలి. పైపై తుప్పు, గుంటలు పడిన రేకు, చిల్లు అని మూడు రంగులు పెట్టుకుంటే చాలు. ఈ కాగితం చేతిలో ఉంటే టింకరింగ్ మేస్త్రీతో బేరం మాటల మీద కాకుండా పని మీద జరుగుతుంది. రేకు కోసే పని మొదలైనప్పుడు మేస్త్రీకి తప్పక చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు సిల్ పెట్టెలనూ ఒకేసారి కోయకూడదు. ఒక వైపు పూర్తయి తలుపులు సాఫీగా పడుతున్నాయని చూశాకే రెండో వైపు ముట్టుకోవాలి. కోసే ముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప పైపులు తాత్కాలికంగా వెల్డు చేయకపోతే బాడీ మధ్యలో కుంగి, ఆ తర్వాత ఏ తలుపూ పడదు. పలుచని రేకుకు గ్యాస్ వెల్డింగ్ వేడి ఎక్కువై అలలు లేస్తాయి, ఆ అలలను పుట్టీతో పూడుస్తారు. చుక్కలు చుక్కలుగా, చోటు మార్చుకుంటూ చేసే మిగ్ వెల్డింగ్ (కరెంటుతో, సన్న తీగతో చేసే వెల్డింగ్) మేలు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించితే అది పని కాదు, పూత. మామూలు ప్రైమర్ తేమను పీలుస్తుంది కాబట్టి, ప్రైమర్ కొట్టిన బాడీని వానాకాలమంతా ఆరుబయట వదిలేస్తే దాని కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది; ఎపాక్సీ ప్రైమర్ వేయించడం ఇక్కడ పొదుపు చేయకూడని ఖర్చు.

బండి అసలు రంగు తెలుసుకోవాలంటే తలుపు అట్ట వెనక, డాష్‌బోర్డు అడుగున చూడాలి. ఎన్నిసార్లు రంగు మార్చినా అక్కడికి స్ప్రే గన్ చేరదు.

ఇంజన్‌ను నిద్ర లేపడం

ఈ పనిలో తొలి గమ్యం ఇంజన్ స్టార్ట్ కావడం కాదు, చేత్తో తిరగడం. బ్యాటరీ లేకుండానే నాలుగు ప్లగ్గులూ విప్పి, వాటి కొసలు ఎలా ఉన్నాయో ఏ సిలిండర్‌ది ఏదో గుర్తుపెట్టి దాచాలి, ఎందుకంటే తుప్పు పట్టిన ప్లగ్గు ఉన్న సిలిండర్‌లోకి నీరు చేరిందని అనుమానించాలి. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందనో, బ్లాక్ ఎక్కడో పగిలిందనో భావించి అక్కడే ఆగాలి. ఆయిల్ నల్లగా ఉంటే సరే. ప్రతి ప్లగ్గు రంధ్రంలోకి కొద్దిగా ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపి పోసి, గుడ్డతో మూసి కొన్ని రోజులు వదిలేయాలి. గట్టిగా పట్టుకుపోయిన ఇంజన్‌కు ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోయడం చాలామంది మెకానిక్‌లు పాటించే పద్ధతి. అసిటోన్ మంటను ఇట్టే అందుకుంటుందని మరువకూడదు.

అంబాసిడర్‌కున్న వరం ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ప్లగ్గులు విప్పి ఉండగానే హ్యాండిల్‌ను ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పాలి. పట్టేటప్పుడు బొటనవేలు మిగిలిన వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ను చుట్టి పట్టుకోకూడదు. పాతకాలపు డ్రైవర్లు కొత్తవాళ్లకు మొదట నేర్పింది ఇదే, ఎందుకంటే ఇంజన్ వెనక్కి తన్నితే ఆ వేలే విరుగుతుంది. తిరగకపోతే బలం ఉపయోగించకుండా ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపి, మళ్లీ నూనె పోసి, ఇంకొన్ని రోజులు ఆగాలి. పొడవాటి పైపు తగిలించి బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి.

తిరగడం మొదలైన తర్వాత పై మూత తీసి, ఎవరినైనా హ్యాండిల్ తిప్పమని, ఎనిమిది వాల్వులూ పైకీ కిందికీ సమంగా కదులుతున్నాయో చూడాలి. ఒక్క వాల్వు పట్టుకుపోయినా దాన్ని కదిలించే పుష్ రాడ్ వంగిపోతుంది. పాత ఆయిల్ దించి, వీలైతే అడుగు తొట్టి విప్పి, ఆయిల్ పంపు జల్లెడకు పట్టిన మడ్డి కడిగి, 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయాలి. రేడియేటర్‌లో కేవలం నీళ్లు పోసి నడిపిన బండ్లే మన దగ్గర ఎక్కువ కాబట్టి, బ్లాక్ పక్కనున్న వాటర్ ప్లగ్గులు (నీటి దారి రంధ్రాలను మూసే బిళ్లలు) లోపల నుంచి తుప్పు తినేసి ఉంటాయి. వేడెక్కుతోందని ఎవరో మెకానిక్ ఎప్పుడో, ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసేసి ఉంటాడు.

పెట్రోలు విషయంలో మూడు జాగ్రత్తలు అవసరం. పాత పెట్రోలు వార్నిష్‌లా గడ్డకట్టి పుల్లటి వాసన వేస్తుంది, దాన్ని ఇంజన్‌కు అందనివ్వకుండా, తొలిసారి చిన్న డబ్బాలో కొత్త పెట్రోలు తీసుకుని విడి పైపుతో కార్బొరేటర్‌కు అందించాలి. ట్యాంకుకు చిల్లు ఉంటే ఖాళీగా ఉంది కదా అని వెల్డింగ్‌కు ఇవ్వకూడదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదకరంగా పేలుతుంది, దాన్ని కడిగి ఆవిరి పట్టించే అలవాటున్న రేడియేటర్ షాపువారికే అప్పగించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు పైపులనూ పంపు డయాఫ్రమ్‌నూ మెత్తబరుస్తుంది కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించి, బండి నెలల తరబడి ఆగేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి. ఇదే వరుసలో మరో మాట: దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది, ఈ ఇంజన్ వాల్వు సీట్లు మాత్రం ఆ సీసపు రక్షణను నమ్ముకుని చేసినవి. హెడ్ ఎలాగూ విప్పవలసి వస్తే గట్టి లోహపు సీట్లు వేయించడం మంచిది, దానికోసమే హెడ్ విప్పనక్కరలేదు.

డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లను సన్న ఉప్పు కాగితంతో రుద్ది, 15 థౌజండ్స్ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) మందపు ఫీలర్ గేజ్ పట్టీతో సందు చూసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ వచ్చిందని నిర్ధారించుకున్నాకే ప్లగ్గులు బిగించాలి. సిలిండర్లు మండే ఫైరింగ్ వరుస 1-3-4-2. ఇంజన్ నడిచిన తర్వాత ప్రతి సిలిండర్‌లోని కంప్రెషన్ (ఒత్తిడి) కొలిచి రాసుకోవాలి. నాలుగు సిలిండర్లూ దాదాపు సమంగా ఉంటే సిలిండర్లను తొలిచి సరిచేసే బోర్ పని వాయిదా వేయవచ్చు.

బ్రేకులు, వైరింగ్

ఇంజన్ పలికిందన్న సంబరంలో బండిని వీధిలోకి తీసేవారున్నారు. బ్రేకుల్లోని రబ్బరు కప్పులు, హోస్ పైపులు, ఇనుప గొట్టాలు అన్నీ మార్చనిదే చక్రం గేటు దాటకూడదు, ఎందుకంటే ఈ కారుకు ఉన్నది ఒకే బ్రేకు లైను. ఒక్క చోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. కారు కిందికి దూరేటప్పుడు జాకీనో ఇటుకలనో నమ్మకుండా స్టాండ్లు పెట్టాలి.

వైరింగ్‌లో అతుకులు వేయడం కంటే కొత్త హార్నెస్ (వైర్ల కట్ట మొత్తం) కట్టించడమే చివరికి చవక. డైనమో ఉన్న పాతకాలపు బ్రిటిష్ నమూనాల్లో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి తగిలించే పద్ధతి ఉండేది, కాబట్టి మీ కారులో ఏ కొస బాడీకి ఉందో చూశాకే బ్యాటరీ తగిలించాలి.

విప్పడం, దాచడం, పంపడం

విప్పే ప్రతి భాగానికీ ముందు ఫోటో, తర్వాత చీటీ, ఆ తర్వాత కవరు. బోల్టులను వీలైతే తీసిన రంధ్రంలోనే వదులుగా తిరిగి బిగించడం ఉత్తమం. తుప్పు పట్టిన పాత భాగాన్ని, చిరిగిన సీటు గుడ్డను కొత్తది చేతికి వచ్చి సరిపోయేదాకా పారేయకూడదు. కొత్తదానికి కొలత అదే.

భాగాల కోసం ముందు విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్‌లలో వెతికి, అక్కడ లేనివాటికి చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ దుకాణాలను అడగాలి. ఈ 1489 సీసీ ఇంజన్ కుటుంబమే బ్రిటిష్ ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉండేది కాబట్టి గ్యాస్కెట్లు, బేరింగుల వంటివి ఇంగ్లండ్ నుంచీ తెప్పించుకోవచ్చు, కొలతలు సరిచూసుకుని. తర్వాతి మార్క్‌ల భాగాలు చాలావరకు ఇందులో సరిపోతాయి. తేలిగ్గా దొరుకుతాయని వాటిని పెట్టేస్తే మాత్రం, పూర్తయ్యేసరికి మార్క్ 2 ముఖంతో మార్క్ 4 బండి మిగులుతుంది.

బాడీని టింకరింగ్ షెడ్డుకు పంపేటప్పుడు తుప్పు గుర్తించిన కాగితం ప్రకారం పనులు, ఒక్కో దశకు ఇచ్చే డబ్బు రాతలో పెట్టుకోవాలి, రేకు పని మీ కంటితో చూసేదాకా ప్రైమర్ కొట్టవద్దని అందులోనే రాయాలి. అద్దాలు, మీటర్లు, లైట్లు, క్రోమ్ ముక్కలు, గ్రిల్ బండితోపాటు పంపకుండా ఇంట్లోనే ఉంచుకోవాలి. షెడ్డులో వంగిన మార్క్ 2 గ్రిల్‌కు బదులు మరొకటి దొరకడం, ఇంజన్ మొత్తం కట్టించడం కంటే ఆలస్యమయ్యే పని.